అబ్లేషన్ అయిన పదకొండో రోజు

గుండె లయ తప్పి వచ్చే దడకి అమ్మకి అబ్లేషన్ అనే చికిత్స అయి అప్పటికి పదకొండు రోజులు. తెల్లవారుజామున మూడింటికి నా గది గుమ్మంలో నిలబడి, "మళ్ళీ అదే వచ్చిందే" అంది. చెయ్యి పట్టుకుని చూశాను. నాడి ఒక వరసలో లేదు. రెండు గబగబా, ఒకటి ఆగి, మళ్ళీ మూడు. ఏడాదిన్నరగా మా ఇంట్లో అందరి వేళ్ళకూ అలవాటైపోయిన గందరగోళమే అది. "ఇంత డబ్బు పోసి, ఇంత భయపడి చేయించుకుంటే, రెండు వారాలు కూడా ఆగలేదు చూడు" అని మంచం మీద కూలబడింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఈసీజీ తీస్తే పాత జబ్బే, ఏట్రియల్ ఫిబ్రిలేషనే (క్లుప్తంగా ఏఎఫ్) అని తేలింది. డాక్టర్ గారు కాగితం చూసి, "ఇది లెక్కలోకి రాదమ్మా, ఒక మూడు నెలలు కానివ్వండి" అన్నారు. బయటికి వచ్చాక అమ్మ అడిగింది: "వచ్చింది నా గుండెలో కదా, మరి ఎవరి లెక్కలోకి రాదట?"

అమ్మ అడిగినదాన్లో న్యాయం ఉంది. ఆ "లెక్క" ఏమిటో తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. నేను డాక్టర్ని కాను. డాక్టర్ చెప్పే మాటకూ ఇంట్లో మనకి అర్థమయ్యే మాటకూ మధ్య ఉన్న దూరాన్ని కొంచెం తగ్గిద్దామనే ఇది రాస్తున్నాను.

గట్టు కట్టారు, ఇంకా పచ్చిగా ఉంది

గుండెలో రెండు పై గదులు, రెండు కింది గదులు ఉంటాయి. మామూలుగా కుడివైపు పై గదిలోని ఒక చిన్న కేంద్రం నుంచి విద్యుత్ సంకేతం బయలుదేరి, పై గదుల్లో పాకి, మధ్యలో ఒక గేటు దాటి కింది గదులకు చేరుతుంది. ఏఎఫ్ వచ్చినప్పుడు పై గదుల్లో ఒక్క సంకేతం బదులు నిమిషానికి 300 నుంచి 600 దాకా పిచ్చి సంకేతాలు పుడతాయి. అప్పుడు పై గది సరిగ్గా ముడుచుకోదు, వణుకుతుంది. మధ్యలోని గేటు వాటిలో చాలావాటిని ఆపేస్తుంది. ఆపలేనివి కిందికి దిగి, మనకి దడగా, ఆయాసంగా, నీరసంగా తెలుస్తాయి. కొందరికి ఏమీ తెలియకపోవడం కూడా మామూలే.

ఈ పిచ్చి సంకేతాలు ఎక్కణ్ణుంచి మొదలవుతాయో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ ఐసగేర్ బృందం 1998లో చూపించింది. వాళ్ళు పరిశీలించిన 45 మందిలో దొరికిన మూలబిందువుల్లో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి గుండెకు మంచి రక్తం తెచ్చే సిరల్లోనే ఉన్నాయి. ఎడమ పై గదిలోకి మామూలుగా ఇవి నాలుగు తెరుచుకుంటాయి. అబ్లేషన్ అంటే ఈ సిరలు గదిలోకి తెరుచుకునే చోట చుట్టూ ఒక గీతలా కణజాలాన్ని చంపడం. వేడితో కాల్చి చేయవచ్చు, గడ్డకట్టించే చలితో చేయవచ్చు, ఈమధ్య వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతిలో విద్యుత్ పల్సులతోనూ చేయవచ్చు. ఏ పద్ధతైనా ఉద్దేశం ఒకటే: సిరలో పుట్టిన సంకేతం గదిలోకి పారకుండా గట్టు వేయడం.

కొత్తగా వేసిన గట్టు ఎలా ఉంటుందో పొలం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మట్టి పచ్చిగా ఉంటుంది, ఎక్కడో ఊట కారుతుంది, చుట్టూ నేలంతా బురదగా ఉంటుంది. గుండెలోనూ అంతే. గీత పడినచోట వాపు ఉంటుంది, వాచిన కణజాలం చిరాకుపడి తనంతట తానే తప్పుడు సంకేతాలు పుట్టిస్తుంది. గుండె వేగాన్ని అదుపుచేసే నరాల ముడులు కొన్ని ఆ సిరల పక్కనే ఉంటాయి, వాటికీ దెబ్బ తగులుతుంది. అందుకే ఏఎఫ్ లేకపోయినా అబ్లేషన్ తర్వాత చాలామందికి విశ్రాంతిగా ఉన్నప్పటి నాడి ముందుకంటే పది, పదిహేను ఎక్కువ ఉంటుంది. అమ్మకి ఇంతకుముందు 62 ఉండేది, తర్వాత 76, 78 కనిపించింది. అదీ జబ్బు తిరిగొచ్చిందేమోనని మేం రెండు రోజులు టెన్షన్ పడ్డాం. అది ఏఎఫ్ కాదు. నాడి వరసగా ఉంటే, కొంచెం వేగంగా ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదని ఆ తర్వాత తెలిసింది.

ఇంకో కారణం నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మేకల మీద చేసిన ప్రయోగంలో బయటపడింది. 1995లో వెలువడిన ఆ పనిలో ఆరోగ్యంగా ఉన్న మేకల గుండెల్లో పదేపదే ఏఎఫ్ పుట్టించారు. మొదట్లో కొన్ని సెకన్లలో ఆగిపోయేది, రోజులు గడిచేకొద్దీ ఆగకుండా నిలిచిపోయింది. అంటే ఏఎఫ్ తనకి అనుకూలంగా గుండెని మార్చుకుంటుంది. అందులోనే ఊరటనిచ్చే విషయం కూడా ఉంది: సరైన లయ తిరిగొచ్చాక ఆ విద్యుత్ మార్పులు వారం రోజుల్లోనే సర్దుకోవడం మొదలుపెట్టాయి. మనుషుల గుండెకి, అందులోనూ ఏళ్ళ తరబడి ఏఎఫ్ ఉండి పై గది సాగిపోయినవాళ్ళకి, అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆ సర్దుకునే రోజుల్లో పాత అలవాటు తలెత్తడం వింత కాదు.

నాలుగో కారణం మనం వినడానికి ఇష్టపడనిది. గట్టులో నిజంగానే గండి ఉండవచ్చు. చచ్చిపోయిందనుకున్న కణజాలంలో కొంత సొమ్మసిల్లి, వాపు తగ్గాక కోలుకుంటుంది. అక్కడినుంచి సంకేతం మళ్ళీ పారుతుంది.

ఈ నాలుగింటిలో ఏది కారణమో పదకొండో రోజున ఏ ఈసీజీ చూసీ ఎవరూ చెప్పలేరు. అందుకే ఆగమంటారు. ఈ ఆగే కాలం చాలా ఏళ్ళపాటు మూడు నెలలు. 2024లో అమెరికా, యూరప్, ఆసియా, లాటిన్ అమెరికాల గుండె లయ వైద్యుల సంఘాలు కలిసి దాన్ని ఎనిమిది వారాలకు తగ్గించాయి. మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇప్పటికీ మూడు నెలలే చెబుతారు. ఈ రెండిట్లో ఏది చెప్పినా ఉద్దేశం ఒక్కటే.

ఎవరి లెక్క?

"లెక్కలోకి రాదు" అన్నది పరిశోధనల భాష. అబ్లేషన్ ఫలించిందా లేదా అని తేల్చేటప్పుడు మొదటి వారాల్లో వచ్చిన ఏఎఫ్‌ని పక్కన పెడతారు. ఆ మాటను యథాతథంగా రోగికి చెబితే, నీ బాధ బాధ కాదు అన్నట్టు వినబడుతుంది. చెప్పినవాళ్ళ ఉద్దేశం అది కాదు.

అసలు లెక్క ఇది. అబ్లేషన్ అయినవాళ్ళలో చాలామందికి, కొన్ని పరిశీలనల్లో సగం మంది దాకా, మొదటి మూడు నెలల్లో ఏదో ఒక రూపంలో దడ తిరిగొస్తుంది. అలా వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి తర్వాత ఆగిపోతుంది. అంటే తొందరగా తిరిగి రావడం మంచి సూచన కాదు. రానివాళ్ళతో పోలిస్తే వీళ్ళకి తర్వాత కూడా వచ్చే అవకాశం ఎక్కువే. కానీ అది తీర్పు కూడా కాదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో వచ్చినదానికి బరువు తక్కువ. రెండో నెల దాటాక, మూడో నెలలో వచ్చినదానికి బరువు ఎక్కువ. అప్పటికి వాపు తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, గండి ఉందేమోనన్న అనుమానం బలపడుతుంది. గడువు మూడు నెలల నుంచి ఎనిమిది వారాలకు తగ్గడానికి కారణం ఇదే.

డెన్మార్క్‌లో 212 మంది మీద జరిగి 2014లో వెలువడిన ఒక పరీక్ష నాకు ఈ విషయాన్ని బాగా తేటతెల్లం చేసింది. అబ్లేషన్ తర్వాత సగం మందికి ఎనిమిది వారాలు లయని నిలబెట్టే అమియోడరోన్ మాత్ర ఇచ్చారు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. మందు వేసుకున్నవాళ్ళకి మొదటి నెలల్లో దడ బాగా తగ్గింది, ఆస్పత్రికి పరుగెత్తడం తగ్గింది. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదట్లో దడని అణచినంత మాత్రాన చివరి ఫలితం మారలేదన్నమాట. అందుకే మొదటి నెలల్లో ఇచ్చే మందు చాలావరకు ఉపశమనం కోసం. ఉపశమనం చిన్న విషయమేమీ కాదు. రాత్రి నిద్రపోగలగడం, మెట్లెక్కగలగడం కావాలి కదా.

షాక్ ఇచ్చాక తిరిగొస్తే సంగతి వేరు

ఇక్కడే చాలా ఇళ్ళలో రెండు చికిత్సలు కలగాపులగం అవుతాయి. కార్డియోవర్షన్ అంటే మత్తు ఇచ్చి, ఛాతీ మీద కరెంటు షాక్‌తో లయని ఒక్కసారిగా సరిచేయడం. అది గుండెని మొదటికి తెస్తుందే తప్ప, ఏఎఫ్ పుట్టించే మూలాన్ని ముట్టుకోదు. కాబట్టి షాక్ తర్వాత వారంలో ఏఎఫ్ తిరిగొస్తే, "గాయం మానే కాలం" అన్న వివరణ దానికి సరిపోదు. మూలం అలాగే ఉందని అర్థం. ఏడాదికి పైగా ఏఎఫ్ ఉన్నవాళ్ళకి, ఎడమ పై గది బాగా పెద్దదైనవాళ్ళకి, థైరాయిడ్ ఎక్కువగా ఉండి కుదుటపడనివాళ్ళకి ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

అయినా షాక్ వృథా కాలేదు. సరైన లయలో ఉన్న ఆ కొద్ది రోజుల్లో మనిషి ఎలా ఉన్నాడన్నది డాక్టర్‌కి చాలా విలువైన సమాచారం. "ఆ నాలుగు రోజులు ఆయాసం లేకుండా బజారుకి వెళ్ళొచ్చాను" అని చెప్పగలిగితే, లయ కోసం మందులో అబ్లేషనో ప్రయత్నించడానికి అది గట్టి కారణం. తేడా ఏమీ తెలియకపోతే, వేగాన్ని మాత్రం అదుపులో పెట్టుకుని ఏఎఫ్‌తోనే బతకడం కూడా మర్యాదైన దారే.

మన ప్రాంతంలో ఇంకో రకం రోగులు ఉన్నారు. చిన్నతనంలో కీళ్ళవాతపు జ్వరం వచ్చి, గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం సన్నబడి, నలభై ఏళ్ళకే ఏఎఫ్ వచ్చినవాళ్ళు. కవాటం బిగుసుకుని ఉన్నంతకాలం వెనక గదిలో ఒత్తిడి తగ్గదు, లయ నిలవడం కష్టం. వీళ్ళు ఇంటర్నెట్‌లో కనిపించే విదేశీ సలహాలను యథాతథంగా తీసుకోకూడదు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల్లో, అంటే బ్లడ్ థిన్నర్లలో, కొత్త రకాల గురించి మరీ ముఖ్యంగా. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అనే పెద్ద పరీక్షలో, ఇలాంటి కవాటం జబ్బుతో ఏఎఫ్ ఉన్న నాలుగున్నర వేల మందిలో, రివరాక్సబాన్ అనే కొత్త మందు కంటే వార్ఫరిన్ తరహా పాత మందు వాడినవాళ్ళకే తక్కువ ప్రమాదాలు, తక్కువ మరణాలు కనిపించాయి. పాత మందు వాడితే, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకి తిరగడం విసుగే, కానీ వీళ్ళకి ఆ విసుగు ప్రాణాలు కాపాడుతుంది.

ఆ రాత్రి ఏం చేయాలి

దడ మొదలైంది, టైమ్ మూడు. మొదట కూర్చోబెట్టాలి. నాడి మీద వేళ్ళు పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఏఎఫ్‌లో తప్పు లెక్క వస్తుంది. కరోనా రోజుల్లో కొనిపెట్టుకున్న ఆక్సీమీటర్ చూపించే నాడి అంకెని పూర్తిగా నమ్మకూడదు. బలహీనంగా కొట్టిన దెబ్బలు వేలి కొసదాకా చేరవు, అంకె తక్కువ చూపిస్తుంది. బీపీ మిషన్ కూడా ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తుంది, మూడుసార్లు తీసి సగటు చూసుకోవాలి. ఈసీజీ తీసే వాచ్ ఉంటే ఆ రికార్డు దాచిపెట్టుకోవాలి. ఏఎఫ్ ఏదో, మామూలుగా తప్పిన ఒకటీ అరా దెబ్బలేవో తేల్చేది ఆ గీతలే.

నాడి వేగంగా ఉండి, గడియారంలా వరసగా, 150 దగ్గర కదలకుండా నిలిస్తే అది ఏఎఫ్ కాక, ఫ్లట్టర్ అనే ఇంకో రకం దడ అయ్యే అవకాశం ఉంది. అబ్లేషన్ తర్వాత కొందరికి ఇది కొత్తగా వస్తుంది. పాత ఏఎఫ్ కంటే ఎక్కువ బాధపెడుతుంది, మాత్రలకు తొందరగా లొంగదు. ఇది కూడా సరిచేయదగినదే, కానీ ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి.

మందులు రాసిచ్చినట్టే వేయాలి. భయంతో డబుల్ డోసు వేస్తే ఏఎఫ్ ఆగాక గుండె మరీ నెమ్మదించి కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. దడ వచ్చినప్పుడు వేసుకోమని డాక్టర్ ముందే ప్రత్యేకంగా మాత్ర రాసిచ్చి ఉంటే తప్ప, పక్కింటివాళ్ళ మాత్ర మనకి పనికిరాదు.

అన్ని దడలకూ అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తనక్కర్లేదు. 2019లో నెదర్లాండ్స్‌లో, ఇటీవలే మొదలైన ఏఎఫ్‌తో ఎమర్జెన్సీకి వచ్చి, పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్ళని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే లయ సరిచేశారు, రెండో గుంపుకి వేగం తగ్గించే మందిచ్చి వేచి చూశారు. వేచి చూసినవాళ్ళలో 69 శాతం మందికి 48 గంటల్లో దానంతట అదే సర్దుకుంది. నాలుగు వారాల తర్వాత రెండు గుంపులూ దాదాపు సమానం. బ్లడ్ థిన్నర్ క్రమం తప్పకుండా వేసుకుంటూ, దడ తప్ప వేరే బాధ లేకపోతే, తెల్లవారేదాకా ఆగి ఫోన్ చేయడంలో తప్పు లేదు. కూర్చున్నా కూడా నాడి 120 దాటి గంటల తరబడి తగ్గకపోతే ఆ రోజే చూపించాలి.

ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, పడుకోలేనంత ఆయాసం, మూతి వంకర పోవడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. అబ్లేషన్ అయిన మొదటి రెండు నెలల్లో వీటికి ఇంకొకటి చేర్చుకోవాలి: జ్వరం, దానితో పాటు మింగితే నొప్పి లేదా ఛాతీ నొప్పి. ఎడమ పై గది వెనకే అన్నవాహిక ఉంటుంది. చాలా చాలా అరుదుగా, కాల్చిన వేడి దానికి తగిలి కొన్ని వారాల తర్వాత రంధ్రం పడుతుంది. అరుదే కానీ ప్రాణాంతకం. పక్క వీధి క్లినిక్‌లో దీన్ని మామూలు వైరల్ జ్వరం అనుకునే ప్రమాదం ఉంది. అందుకే అక్కడ మొదటి మాటగా "అబ్లేషన్ అయి ఇన్ని వారాలైంది" అని చెప్పాలి. ఈ అనుమానం ఉన్నప్పుడు ఎండోస్కోపీ చేయకూడదు, ఛాతీకి సీటీ స్కాన్ తీయాలి. మేం ఈ వాక్యాన్ని ఒక చీటీ మీద రాసి అమ్మ పర్సులో పెట్టాం.

లయ వేరు, గడ్డ వేరు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఏఎఫ్‌లో పై గది వణుకుతున్నప్పుడు, ఎడమవైపున చిన్న సంచిలా ఉండే ఒక మూలలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవాళ్ళకి ఈ ముప్పు మిగతావాళ్ళకంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరి పరిశీలనలో తేలింది. దడ మనల్ని భయపెడుతుంది, కానీ మనిషిని మంచాన పడేసేది ఎక్కువగా ఈ గడ్డే.

దడ తగ్గింది కాబట్టి బ్లడ్ థిన్నర్ ఆపేయవచ్చు అనుకోవడం మన ఇళ్ళలో చాలా మామూలు. నాకు తెలిసినవాళ్ళలోనే ఇద్దరు అలా ఆపేశారు. దానికి వ్యతిరేకమైన పొరపాటు కూడా చూశాను: "అబ్లేషన్ పనిచేయలేదు, ఇక ఈ మాత్రలెందుకు" అని విసిగి ఆపేయడం. ఈ రెండూ తప్పే. అబ్లేషన్ అయిన ప్రతి ఒక్కరూ ఫలితంతో నిమిత్తం లేకుండా కనీసం రెండు మూడు నెలలు వేసుకోవాలి. కాలిన చోట గరుకుగా ఉంటుంది, పై గది ఇంకా మందకొడిగా ఉంటుంది, గడ్డకట్టడానికి అది అనువైన సమయం. షాక్ ఇచ్చాక కూడా కనీసం నాలుగు వారాలు వాడాలి. లయ సరైనా పై గది కొన్ని వారాలు తిమ్మిరెక్కినట్టు సరిగా ముడుచుకోదు.

ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది లయని బట్టి కాదు, మనిషిని బట్టి. వయసు 65 దాటిందా, 75 దాటిందా, బీపీ ఉందా, షుగర్ ఉందా, గుండె బలహీనంగా ఉందా, ఇంతకుముందు పక్షవాతం గానీ గుండెపోటు గానీ వచ్చిందా. వీటికి మార్కులు వేసి నిర్ణయిస్తారు. అమ్మకి 68 ఏళ్ళు, బీపీ ఉంది. అబ్లేషన్ అద్భుతంగా పనిచేసినా తన మాత్ర కొనసాగుతుందని మాకు మొదటే చెప్పి ఉంటే బాగుండేది. ఆ మాత్ర చూసినప్పుడల్లా "ఇంకా నయం కాలేదు" అని అమ్మ అనుకునేది కాదు.

ఈ మందు వాడుతున్నప్పుడు మన దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది మెడికల్ షాపు దగ్గర. మోకాళ్ళ నొప్పులకి చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు బ్లడ్ థిన్నర్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ మేలు. జలుబుకి ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని బిళ్ళలు దడని రేపుతాయి. ఊళ్ళో డాక్టర్ దగ్గర కండకి సూది వేయించుకునే ముందు ఈ మందు సంగతి చెప్పాలి. పన్ను పీకించుకోవాలంటే మనంతట మనం ఆపేయకూడదు, గుండె డాక్టర్‌ని అడగాలి. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల బిళ్ళ భోజనంతోనే వేసుకోవాలి, ఉపవాసం రోజు ఖాళీ కడుపున వేస్తే సరిగా ఒంటికి పట్టదు. ఎపిక్సబాన్ అనే ఇంకో కొత్త రకం మందు రోజుకి రెండుసార్లు, సాయంత్రం బిళ్ళ మర్చిపోవడం చాలామందికి అలవాటు. వార్ఫరిన్ తరహా మందు వాడేవాళ్ళు తోటకూర, పాలకూర మానేయాల్సిన పనిలేదు. ఒక వారం అసలు తినకుండా, మరో వారం రోజూ తినడం మాత్రం కూడదు. ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే ఐఎన్‌ఆర్ ఊగిసలాడదు.

ముప్పై సెకన్ల గీటురాయి

అబ్లేషన్ "సక్సెస్ రేటు" ఎంత అని అందరం అడుగుతాం. ఆ అంకె వెనక ఒక విచిత్రమైన నిర్వచనం ఉంది. ఆగే కాలం దాటాక 30 సెకన్లకు మించిన ఏఎఫ్ ఒక్కసారి రికార్డయినా పరిశోధనల్లో దాన్ని విఫలం కిందే రాస్తారు. నెలలో ఇరవై రోజులు దడతో గడిపిన మనిషికి, అబ్లేషన్ తర్వాత ఏడాదిలో ఒకసారి ఒక నిమిషం వచ్చినా విఫలమే.

కెనడాలో 346 మంది చర్మం కింద చిన్న మానిటర్ అమర్చి ఏడాది పాటు నిఘా పెట్టిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఆ కఠిన నిర్వచనం ప్రకారం ఏడాది చివరికి దాదాపు సగం మందికే పూర్తి విముక్తి. అదే పరీక్షలో, మొత్తం కాలంలో ఏఎఫ్‌లో గడిపిన సమయం ఎంత తగ్గిందని చూస్తే, 98 శాతానికి పైగా తగ్గింది. ఒకే మనుషులు, ఒకే ఏడాది. "సగం మందికి తిరిగొచ్చింది" అనేదీ నిజమే, "ఏఎఫ్ దాదాపు మాయమైంది" అనేదీ నిజమే. మన ఇంట్లో మనిషికి కావలసింది రెండో లెక్క. ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది, వచ్చినప్పుడు ఏ పని ఆగిపోయింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సిందీ ఇదే.

ఆగే కాలం దాటాక కూడా దడ తరచుగా వస్తుంటే రెండో అబ్లేషన్ గురించి మాట్లాడతారు. రెండోసారి లోపలికి వెళ్ళి చూస్తే ఎక్కువగా కనిపించేది సిరల దగ్గర గట్టుకి పడిన గండే, దాన్ని పూడుస్తారు. మొదటి వారాల్లోనే రెండోదానికి తొందరపడకపోవడానికి కారణం, వాపులో గండి ఎక్కడుందో తెలియదు, మానిపోయేదాన్ని మళ్ళీ కాల్చినట్టవుతుంది.

మన చేతిలో ఉన్నది

ఆగమంటే చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో ఏఎఫ్ ఉన్న స్థూలకాయులని ఐదేళ్ళు గమనిస్తే, బరువు పదో వంతు తగ్గించుకుని నిలబెట్టుకున్నవాళ్ళు దడ లేకుండా ఉండే అవకాశం మిగతావాళ్ళకంటే ఆరు రెట్లు. మద్యం అలవాటున్న 140 మంది మీద ఆస్ట్రేలియాలోనే జరిగి 2020లో వెలువడిన ఇంకో పరీక్షలో, తాగుడు మానేసినవాళ్ళలో 53 శాతానికి, మాననివాళ్ళలో 73 శాతానికి ఏఎఫ్ తిరిగొచ్చింది. గురకని మనం గాఢనిద్రకి గుర్తు అనుకుంటాం. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవాళ్ళకి రాత్రంతా గుండె మీద దెబ్బలే. అది చూసుకోకుండా అబ్లేషన్ నిలవాలనుకోవడం అత్యాశ. బీపీ కూడా అంతే.

కాఫీ సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే మా ఇంట్లో మొదట తీసేసింది అదే. 2025లో వెలువడిన ఒక పరీక్షలో, షాక్‌తో లయ సరిచేసిన 200 మంది కాఫీ ప్రియుల్లో సగం మందిని రోజుకి కనీసం ఒక కప్పు తాగమన్నారు, సగం మందిని మానేయమన్నారు. ఆరు నెలల్లో తాగినవాళ్ళలో 47 శాతానికి, మానినవాళ్ళలో 64 శాతానికి దడ తిరిగొచ్చింది. కాఫీ పడకపోతే మానేయాలి, పడేవాళ్ళకి శిక్ష వేయక్కర్లేదు. అమ్మకి తన పొద్దుటి కాఫీ తిరిగిచ్చిన రోజు ఇంట్లో గాలి కొంచెం తేలికైంది.

మనసు మాటకొస్తే, మేం చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. "నువ్వు టెన్షన్ పడతావు కాబట్టే వస్తోంది" అని అమ్మతో అనేవాళ్ళం. ఓదార్పు అనుకుని అన్నాం, తనకి అది నిందలా తగిలింది. ఆందోళనకీ దడకీ సంబంధం ఉంది, అది రెండువైపులా ఉంటుంది: దడ వస్తే భయం, భయపడితే నరాల ఉద్రేకం, దానితో మరికొన్ని తప్పిన దెబ్బలు. అలాగని జబ్బు తన తప్పు అయిపోదు. అమెరికాలోని కాన్సస్‌లో ధనుంజయ లక్కిరెడ్డి బృందం 2013లో వెలువరించిన చిన్న పరిశీలన ఇక్కడ పనికొచ్చింది. ఏఎఫ్ వచ్చిపోయే సుమారు యాభై మంది మూడు నెలలు యోగా చేస్తే దడలు తగ్గాయి, ఆందోళన, దిగులు కూడా తగ్గాయి. చిన్న పరిశీలనే, మందులకి బదులని ఎవరూ అనలేదు. అమ్మ రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు నిదానంగా ఊపిరి పీల్చి వదలడం మొదలుపెట్టింది. అంతకంటే ఎక్కువ మేలు చేసింది నాడి చూసుకోవడానికి వేళలు పెట్టుకోవడం. గంటకి పదిసార్లు మణికట్టు పట్టుకునే మనిషి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, దడ తెలిసినప్పుడు ఒకసారి మాత్రమే చూసుకుంటానని ఒప్పుకుంది.

"డాక్టర్ గారి లెక్కలోకి రాకపోతే ఏం, నా లెక్కలో రాసుకుంటా" అని వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో, తిథి నక్షత్రాల పక్కన, దడ వచ్చిన రోజున ఎర్ర చుక్క, ఎంతసేపు ఉందో అంకె వేసేది. మొదటి నెల పేజీలో తొమ్మిది చుక్కలు, ఒకటి పదకొండు గంటలది. రెండో నెలలో నాలుగు. మూడో నెలలో ఒకే ఒక్కటి, ఇరవై నిమిషాలు. నాలుగో నెలలో, ఒంటికి తగిలించుకుంటే ఆగకుండా ఈసీజీ రాసే హోల్టర్ అనే చిన్న యంత్రం పెట్టారు. రాత్రి రెండింటికి 40 సెకన్ల ఏఎఫ్ పట్టుకుంది. అమ్మ ఆ టైమ్‌కి హాయిగా నిద్రపోతోంది.

రిపోర్టు చూసి డాక్టర్ గారు అమ్మ వాడుతున్న అమియోడరోన్ ఆపేశారు, బ్లడ్ థిన్నర్ కొనసాగించమన్నారు. అమ్మ సంచిలోంచి చుట్టచుట్టిన క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచింది. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, ఆ నాలుగు పేజీలనీ ఒక్కొక్కటే తిప్పి చూశారు.